కాడి మోసిన దొరలు

స్కాట్లాండులో ఎరల్ ప్రభువులైన 'హే' వంశీకుల చిహ్నం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. డాలుకు అటూ ఇటూ భుజాన కాడి వేసుకున్న ఇద్దరు పల్లెటూరి మనుషులు! దాని వెనకో కథ ఉంది.

పదో శతాబ్దంలో లంకార్టీ దగ్గర డేనుల ధాటికి స్కాట్ సైన్యం పారిపోతోందట. పొలం దున్నుకుంటున్న ఓ రైతు, ఇద్దరు కొడుకులతో కలిసి కాడి పట్టుకుని దారికి అడ్డం నిలిచాడట. యుద్ధం గెలిచిన రాజు, డేగ ఎగిరినంత మేరా భూమి రాసిచ్చాడట. 1527లో అచ్చయిన హెక్టర్ బోయిస్ చరిత్ర గ్రంథంలో ఉందీ కథ.

పాత పత్రాలు తిరగేస్తే సంగతి వేరు. ఈ వంశం వేళ్లు ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్నాయి. రాజు కొలువులో పానీయాల అధికారి అయిన విలియంకు 1178 ప్రాంతంలో ఎరల్ భూములు దక్కాయి. 1314లో రాబర్ట్ బ్రూస్ ఇచ్చిన కానిస్టేబుల్ పదవి నేటికీ ఆ ఇంటిదే.

పుట్టుక గొప్పదే. అయినా వాళ్లు తరతరాలుగా గర్వంగా చెప్పుకున్నది ఆ రైతు గురించే!