శ్రీకారం దగ్గర ఆగిన యంత్రం

అరవై ఏడో ఏట పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముప్పై యేళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పినవాడికి మరో వ్యాకరణం ఒక లెక్కా అనుకొన్నాను. మొదటి ఫైలు తెరిచేసరికే ఆ గర్వం దిగిపోయింది.

ఆ ఫైలులో ఉన్నవి మా అమ్మ పెళ్ళిపాటలు. ఆమెకిప్పుడు ఎనభై తొమ్మిదేళ్ళు. ఆమె పాడుతుంటే ఎదుట కూర్చుండి టైపు చేసినవి. అలవాటు చొప్పున అన్నిటికీ పైన ‘శ్రీ’ పెట్టాను. ఓపెన్ అన్నాను, రీడ్ అన్నాను. ఒక్క పాటా రాలేదు. అయిదో స్థానంలోని బైటు చదవలేనని యంత్రం మొరాయించింది.

లెక్క సున్నా నుంచి గనుక అది ఆరో బైటు. మనకు ‘శ్రీ’ ఒక్క అక్షరం. యూనికోడులో నాలుగు సంకేతాలు: శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 లో తెలుగు సంకేతం ఒక్కొక్కటికి మూడు బైట్లు, వెరసి పన్నెండు. ఏ పద్ధతిలో చదవాలో నేను చెప్పలేదు కనుక, నా విండోస్ కంప్యూటరులోని పైథాన్ పడమటి యూరపు భాషల 1252 పట్టికను చేతబట్టింది. అందులో ఖాళీగా విడిచిన గళ్ళు అయిదు. మన పొల్లులోని చివరి బైటు సరిగ్గా ఒక ఖాళీ గడిలో పడింది. కొమ్ముదీ అదే గతి. పొల్లూ కొమ్మూ లేకుండా తెలుగు వ్రాయడం ఎవరి తరం?

“ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి తాతయ్యా” అంది మనవరాలు. చెప్పగానే పాటలన్నీ వరుసగా వచ్చాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. మరునాడు ఇంకో పాట చేర్చబోయి, వ్రాయడానికే కదా అని ‘డబ్ల్యూ’ పెట్టి తెరిచాను. పలక మీద వ్రాయబోయే పిల్లవాడు ముందు తడిగుడ్డతో తుడిచినట్లు, అలా తెరవడమే తడవుగా ఫైలు ఖాళీ అయిపోతుందట. చివర చేర్చడానికి ‘ఏ’ అనే ఆంగ్లాక్షరం వేరే ఉంది. ముప్పై ఒక్క పాటలు పోయాయి. మరో ప్రతి లేదు. ‘ప్రశ్న పూర్తిగా చదివి వ్రాయండిరా’ అని తరగతిలో ఎన్ని వేలసార్లు అన్నానో!

అమ్మకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. “పోతే పోనీరా, మళ్ళీ పాడతాను” అంది. పాడింది. పందొమ్మిది వచ్చాయి. అప్పగింతల పాటలో మూడో చరణం ఎంత తలచుకొన్నా ఆమెకు రాలేదు. స్వహస్తాలతో టైపు చేసిన నాకూ రాలేదు. ఆ చోట చుక్కలు పెట్టి ఉంచాను. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఫైలును ‘ఆర్’ పెట్టి తెరిచి, చుక్కల దాకా ఆమెకు చదివి వినిపిస్తున్నాను.