కిరణాలు, గింజలు, మధ్యలో సముద్రం

డిగ్నాబాద్‌లో ఓ ఇంటి పెద్దకు ప్రోస్టేట్ కేన్సర్ ముదిరే రకమని తేలిందనుకుందాం. రేడియేషన్ కోసం చెన్నై వెళ్లాల్సి వస్తే, ఇంటిల్లిపాదీ అడిగే తొలి ప్రశ్న: అక్కడ ఎన్నాళ్లుండాలి?

జవాబు చికిత్స పద్ధతిని బట్టి మారుతుంది. కెనడా వైద్యులు 398 మందిపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి బయటి నుంచే 39 విడతల రేడియేషన్ ఇచ్చారు. మిగతా సగానికి 23 విడతలతో ఆపి, రెండు మూడు వారాల తర్వాత బియ్యపు గింజంత అయోడిన్-125 గింజలను గ్రంథిలోనే అమర్చారు. దీన్నే బ్రాకీథెరపీ అంటారు. అందరికీ ఏడాదిపాటు హార్మోన్ చికిత్స కూడా ఇచ్చారు.

తొమ్మిదేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టనివారు గింజలు అమర్చినవారిలో 83 శాతం, మిగతావారిలో 62 శాతం. రోజూ ఆస్పత్రికి తిరగడం ఎనిమిది వారాల నుంచి ఐదుకు తగ్గింది. అయితే ప్రాణాలు నిలిచిన తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా తీవ్రమైన మూత్ర సమస్యలు 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగాయి.

దీవిలో ఉండేవారికి ఈ చివరి అంకె ముఖ్యం. అర్ధరాత్రి మూత్రం ఆగిపోతే, గింజలు అమర్చిన డాక్టరు సముద్రానికి అవతల ఉంటారు. పద్ధతి ఎంచుకునే ముందే ఆ రాత్రి గురించి ఆయన్ని అడగాలి.