పట్టూ, విడుపూ

మన ప్రాంతంలో నున్నగా అరిగిన టైరును చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అటువంటి నున్నని టైరును క్రొత్తదిగానే, ఏరి కోరి డబ్బు పోసి కొనేవారు లోకంలో ఉన్నారని నాకు 2023 వేసవిలోగాని తెలియలేదు.

నేను ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రురాలిని. వృత్తి అనువాదం. ఇరవై ఏళ్ళుగా నవలలతోబాటు మందుల సీసాల వెంట వచ్చే కాగితాలూ, యంత్రాల వాడుక పుస్తకాలూ తెలుగు చేస్తున్నాను. మోటారు కార్ల గురించి నాకున్న పరిజ్ఞానం వెనుక సీటులో కూర్చోవడం వరకే. డాలస్ నగర శివారులో ఇంజనీరుగా ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు వాడు నా ముందు నాలుగైదు కేటలాగులు పరచి, "అక్కా, మాటలతో బ్రతికేదానివి కదా, ఈ టైర్ల భాష కాస్త విప్పి చెప్పు" అన్నాడు. వాడు పరిహాసానికే అన్నాడు. నేను మాత్రం పెన్సిలు పుచ్చుకొని కూర్చున్నాను.

వాడు 2018 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఒకటి పాతది కొన్నాడు. దానిని డ్రాగ్ పందెంలో పరుగెత్తించాలని వాడి ముచ్చట. ఈ పందెంలో మలుపులు లేవు. రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలబడి, దీపాల స్తంభం మీద పచ్చదీపం వెలగగానే తిన్నగా పావు మైలు, అనగా 1,320 అడుగులు, దూసుకొనిపోవాలి. యుద్ధానంతరం కాలిఫోర్నియా యువకులు వీధులలోనే ఇటువంటి పందాలు వేసుకొనేవారు. ఆ ఉత్సాహాన్ని వీధినుంచి తప్పించి, నియమాలున్న బాట మీదికి మళ్ళించాలని వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అయినా వేగం తన సుంకం తాను వసూలు చేస్తూనే వచ్చింది. 2008లో స్కాట్ కలిట్టా అనే ప్రసిద్ధ చోదకుడు మరణించాక, అత్యంత వేగవంతమైన తరగతులకు పందెపు దూరాన్ని వెయ్యి అడుగులకు తగ్గించారు.

పందెం చాలావరకు మొదటి అరవై అడుగులలోనే తేలిపోతుందట. ఇంజనులో ఎన్ని గుర్రాల బలమున్నా అది నేలకు చేరవలసింది వెనుక టైర్ల క్రింద, ఒక్కొక్కటి పుస్తకపు అట్టంత మేర రబ్బరు ద్వారానే. ఆ రబ్బరు నేలను పట్టకపోతే చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. పొగ తప్ప పరుగు ఉండదు.

కేటలాగులలో మూడు జాతుల టైర్లు కనిపించాయి. మొదటిది మామూలు రేడియల్. దాని గాడులు నీటిని ప్రక్కలకు చిమ్మి, తడి రోడ్డు మీద కూడ రబ్బరును నేలకు తాకిస్తాయి. రెండవది స్లిక్. దానికి గాడులే లేవు. పొడి బాట మీద రబ్బరంతా నేలను అంటుకోవాలనే ఉద్దేశం. వీధిలో వాడడానికి చట్టం ఒప్పదు. మూడవది డ్రాగ్ రేడియల్. ఏవో కొన్ని గాడులుంచి, వీధిలో తిరగడానికి అనుమతి తెచ్చుకున్న టైరు ఇది. దాని రబ్బరు మెత్తన. పందేనికి ముందు చక్రాలను నీటిలో తడిపి, ఉన్నచోటనే గిరగిర త్రిప్పి, పొగలు వచ్చేదాకా వేడి చేస్తారు. వేడెక్కిన రబ్బరు జిగురులా నేలను పట్టుకుంటుంది. అదే రబ్బరు చలిలో గట్టిపడుతుంది. నీరు నిలిచిన రోడ్డు మీద తేలిపోతుంది. త్వరగా అరిగిపోతుంది కూడ.

ఇక అంకెలు. కారుకున్న వెనుక టైరు మీద 275/40ఆర్19 అని ఉంది. 275 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి నలభై వంతులు ప్రక్కగోడ ఎత్తు, పందొమ్మిది అంగుళాల చక్రం, మధ్యనున్న అక్షరం రేడియల్ అని సూచన. తమ్ముడు కోరుకున్నది 305/45ఆర్17. చక్రం రెండంగుళాలు చిన్నది. ప్రక్కగోడ మాత్రం 110 మిల్లీమీటర్ల నుంచి 137కు పెరిగింది. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు రెండింటికీ ఇంచుమించు ఒక్కటే, ఇరవై ఎనిమిది అంగుళాలకు కొంచెం తక్కువ. కనుక వేగం చూపే ముల్లు అబద్ధమాడదు. ఎత్తయిన ప్రక్కగోడ బయలుదేరేటప్పటి కుదుపును తాను భరించి, ముడుతపడి, రబ్బరును నేల మీద నిలుపుతుంది. అందుకే పందెగాళ్ళు అందానికి పెద్ద చక్రం పెట్టుకోరు.

చక్రం ఎంపికలోనూ తిరకాసులున్నాయి. బోల్టులు అయిదు, అవి నిలిచిన వలయం 114.3 మిల్లీమీటర్లు. అది కలవకపోతే చక్రం ఎక్కనే ఎక్కదు. లోపల బ్రేకుకు, వెలుపల మడ్‌గార్డుకు తగలకుండా ఉండాలి. నట్టులో మర ఎంత లోతున పట్టాలన్న దానికీ నియమం ఉంది: కనీసం బోల్టు మందమంత. ఈ కారు బోల్టు పద్నాలుగు మిల్లీమీటర్లు గనుక మర పద్నాలుగు మిల్లీమీటర్లయినా పట్టాలి. ఆ వాక్యం క్రింద రెండుసార్లు గీత గీశాను.

మరునాడు తమ్ముడు ఉత్సాహంగా ఒక బేరం తెచ్చాడు. ఎవరో వాడిన డ్రాగ్ రేడియళ్ళు సగం ధరకు ఇస్తున్నారట. పోయి చూశాం. గాడులు బాగానే ఉన్నాయి. నేను వంగి, ప్రక్కగోడ మీది చివరి నాలుగంకెలు చదివాను: 1115. అనగా 2015వ సంవత్సరం, పదకొండవ వారం. ఎనిమిదేళ్ళ క్రితపు రబ్బరు! కాలానికి రబ్బరు ఎండిపోతుంది, కంటికి తెలియకపోయినా. బేరం మానుకున్నాం.

అయినా వాడు మరో మాట అన్నాడు. "కొత్తవే కొంటాను. కాని రెండు జతల చక్రాలెందుకు? వీటికి వీధిలో అనుమతి ఉంది కదా! వీటితోనే ఆఫీసుకూ, పాప బడికీ తిరుగుతాను."

అప్పుడు నేను వాడికి, తెలిసీ జ్ఞాపకం లేని ఒక సంగతి చెప్పవలసి వచ్చింది.

1991 వర్షాకాలం. నాకు పదేళ్ళు, వాడికి అయిదు. అన్నవరం వెళ్ళి అద్దె కారులో తిరిగి వస్తున్నాం. బయలుదేరే ముందు నాన్న టైరు మీద చేయి వేసి సందేహించారు. "ఇంకా ప్రాణముందండీ, ఫర్వాలేదు" అన్నాడు డ్రైవరు. వాన వెలిసిన రోడ్డు మీద ఒక గేదె అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. కారు ఆగలేదు, నీటి మీద పడవలా ప్రక్కకు తిరిగి, గట్టు దిగి, చెట్టుకు తగిలింది. అమ్మ ఒడిలో తమ్ముడున్నాడు. వాడికి గీతయినా పడలేదు, ఆమె పట్టు విడవలేదు గనుక. ముందు సీటుకు కొట్టుకున్న ఆమె మోకాలు మాత్రం మరి తిన్నగా వంగలేదు. అమ్మ కుంటడం వాడు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే అనుకున్నాడు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్ళి గారేజీలో దీపం వేశాడు.

చివరకు రెండు జతలే కొన్నాడు. వీధికి గాడులున్నవి, పందేనికి మెత్తనివి. పందెపు రోజున వెనుక సీటు వాల్చి, ఆ రెండు చక్రాలనూ త్రాళ్ళతో బిగించి తీసుకొనిపోతాడు. కనుక ఆ రోజున ఆ కారులో పాపకు చోటే ఉండదు. ఆ ఏర్పాటు నాకు అన్నింటికంటె నచ్చింది.

నేనూ వేరే కారులో వెళ్ళి చూశాను. వాడు చక్రాలు మార్చి, నట్లను కొలత చూపే పానాతో ఒక్కొక్కటీ బిగించి, గాలి ఇరవై పౌండ్ల లోపునకు దించాడు. పచ్చదీపం వెలిగింది. నేను ఊపిరి బిగబట్టి వదిలే లోపల, పన్నెండు సెకన్ల పైచిలుకులో, అంతా అయిపోయింది. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్న వాడు కారు దిగి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. వేగంలో ఆనందం లేదని నేను ఎన్నడూ వ్రాయబోను.

"గ్రిప్" అన్న మాటకు మనకున్న "పట్టు" ఎంత లోతైనదో ఆ సాయంత్రం తోచింది. పట్టుదలలోనూ అదే పట్టు, ఒడిలో బిడ్డను పొదువుకున్న చేతిలోనూ అదే. అయితే మనవాళ్ళు దానిని ఒంటరిగా వదలలేదు; పట్టూ విడుపూ అని జంట కట్టారు. ఎక్కడ పట్టాలో తెలిసిన టైరు వేరొకచోట పట్టదని ఒప్పుకోవడమే విడుపు.

అంతలో ఏలూరు నుంచి అమ్మ ఫోను. తమ్ముడు ఉత్సాహంకొద్దీ తెర మీద ఆమెకు కారంతా త్రిప్పి చూపించాడు. ఆమె చూపు వెనుక చక్రం మీదనే ఆగింది.

"ఒరేయ్, టైర్లు నున్నగా అరిగిపోయాయిరా! అలాగే ఇంటికి వెళ్తారా?"

ఏమని అనువదించను? తమ్ముడు నావైపు చూశాడు.

"లేదమ్మా, మార్చుకొనే బయలుదేరుతున్నాం" అన్నాను. వాడు అప్పటికే జాకీ అందుకున్నాడు.