సోర్బిట్రేట్ ఇవ్వని కుర్రాడు

కోల్‌కతా ఖిదిర్‌పూర్ రేవులోకి ఓడ వస్తోందంటే బాస్క్యూల్ వంతెన పైకి లేస్తుంది. అది మళ్ళీ దిగేదాకా లారీ అయినా అంబులెన్స్ అయినా ఒకటే, ఆగాల్సిందే. ఒక సాయంత్రం వంతెనకు అవతలి పక్క ఇరుక్కున్న అంబులెన్స్‌లోంచి నాకు ఫోన్ వచ్చింది. చేసింది మా పేట తెలుగు కుర్రాడు, ప్రైవేటు అంబులెన్స్‌లో టెక్నీషియన్. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అంబులెన్స్‌లో ఉన్నది యాభై దాటిన హమాలీ. పొట్ట పైభాగంలో నొప్పి, రెండు వాంతులు, ఒళ్ళంతా చెమట. గ్యాస్ అనుకొని ఇంట్లోవాళ్ళు ఈనో తాగించారట.

"ఈసీజీ తీశానండి. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ లేచింది. పై బీపీ 104. ఆస్పిరిన్ నమిలించాను. సోర్బిట్రేట్ మాత్రం ఇవ్వలేదండి. కుడివైపు లీడ్ పెట్టి చూస్తే అక్కడా లేచింది."

నన్ను నిలబెట్టేసింది ఆ చివరి రెండు మాటలే. ఛాతీనొప్పి అనగానే నాలుక కింద సోర్బిట్రేట్ పెట్టడం మన దేశంలో ఇళ్ళల్లో కూడా అలవాటైపోయింది. అయితే గుండె అడుగుభాగానికి పోటు వచ్చినప్పుడు కొందరిలో కుడి జఠరిక కూడా దెబ్బతింటుంది. అలాంటి గుండె తనలోకి వచ్చే రక్తాన్ని నమ్ముకునే బతుకుతుంది. సోర్బిట్రేట్ సిరల్ని వదులు చేస్తుంది. రక్తం కాళ్ళలో, పొట్టలో నిలిచిపోయి గుండెకు చేరదు, బీపీ ఉన్నట్టుండి కూలిపోతుంది. ఆ కుర్రాడికి శిక్షణలో చెప్పిన సూత్రం ఒకటే: పై బీపీ 90 కంటే తక్కువుంటే ఆ బిళ్ళ ఇవ్వొద్దు. సూత్రాన్ని పట్టుకుని వేలాడి ఉంటే 104 దగ్గర నిశ్చింతగా ఇచ్చేసేవాడు.

హమాలీ గుండెకు కుడివైపు రక్తనాళం మూసుకుపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, స్టెంట్ వేశారు. బతికాడు.

ఈ సంగతి ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నానన్నాడు. రాత్రి డ్యూటీల మధ్య చదువు. తన అసైన్‌మెంట్లలో ఇంగ్లీషు దిద్దమని అప్పుడప్పుడు నా గదికి తెచ్చేవాడు. వాటిలో ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది: ఈమధ్య డ్యూటీలో మీరు తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి, ఎందుకలా చేశారో శరీరధర్మం ప్రకారం వివరించండి, మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తారో రాయండి. వేళ్ళకు ముందే వచ్చిన పనికి కారణం వెతికించే ప్రశ్న అది. ఎంబీబీఎస్ చదివేటప్పుడు మమ్మల్ని ఇలా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వాళ్ళమ్మకు మాత్రం ఈ చదువు మీద నమ్మకం లేదు. "ఏటి బాబూ, ఆడికి నిద్దర్నేదు, తిండి నేదు. ఈ సదువుతో జీతం పెరుగుద్దేటి?" అని సూటిగా అడిగింది. నిజం చెప్పాలంటే, పెరగలేదు.

అంబులెన్స్ పనికి మన దగ్గర గౌరవం తెచ్చింది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ అనే సంస్థ ఆ సేవ మొదలుపెట్టినప్పుడు, సైన్సు డిగ్రీ ఉన్న పిల్లల్ని తీసుకుని కొన్ని వారాలు తర్ఫీదిచ్చి బండెక్కించారు. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి రెండేళ్ళ కోర్సు కూడా పెట్టారు. కానీ దేశం మొత్తం మీద, బండెక్కినవాడు పదేళ్ళ తర్వాత ఏమవుతాడు అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ పేరు రాసింది. అంటే ఇదొక వృత్తి అని చట్టం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు మా పేట దాకా వచ్చి జీతం చీటీలో కనబడే రోజు ఇంకా రాలేదు.

ఇంగ్లండులో ఇదే మలుపు వేరేలా తిరిగింది. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి పారామెడిక్‌గా కొత్తగా నమోదు కావాలంటే డిగ్రీ స్థాయి చదువే కావాలి. పాత సర్టిఫికెట్‌తో అప్పటికే నమోదైనవాళ్ళను తీసేయలేదు. ఉద్యోగం చేసుకుంటూ ఇంటినుంచే చదివి ఆ సర్టిఫికెట్‌ను డిగ్రీగా పెంచుకునే దారి వాళ్ళకు అంతకుముందు నుంచే ఉంది. పనిలో గడిపిన ఏళ్ళనూ చదువు కింద లెక్కేస్తారు.

మన దగ్గర అలాంటిది లేదనకండి. నర్సులకు ఉండేది. 1994లో ఇగ్నో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ పెట్టింది. జీఎన్ఎం డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్న నర్సులకు మూడేళ్ళ కోర్సు. పాఠాలు పోస్టులో వచ్చేవి, ప్రాక్టికల్స్‌కు నర్సింగ్ కాలేజీకి వెళ్ళి తీరాలి. ఆ కోర్సు చేసిన ఒక సిస్టర్‌తో నేను చాలాకాలం పనిచేశాను. గార్డెన్ రీచ్‌లో రైల్వే క్వార్టర్లలో పెరిగిన విజయనగరం అమ్మాయి, తండ్రి ఆగ్నేయ రైల్వేలో గుమాస్తా. కోర్సుకు ముందు డ్యూటీ అప్పగించేటప్పుడు "ఆరో నంబరు బెడ్, జ్వరం 102, ఇంజెక్షన్ ఇచ్చాం" అని ఊరుకునేది. తర్వాత్తర్వాత "జ్వరం తగ్గినా ఊపిరి వేగం తగ్గలేదు సార్, నాడి 120 దగ్గరే ఉంది, మూత్రం కూడా తక్కువే" అనడం మొదలుపెట్టింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకుతోందని నాకు ముందు చెప్పింది ల్యాబ్ రిపోర్టు కాదు, ఆవిడే. నర్సుకు డిగ్రీ ఎందుకు అని అప్పట్లో మా డాక్టర్లలోనే కొందరు నవ్వేవారు. వాళ్ళ పేషెంట్ల అదృష్టం, వార్డులో ఆవిడుండేది.

ఇక మూడో మనిషి. ఖిదిర్‌పూర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్, డీఎంఎల్‌టీ చదివిన అమ్మాయి. ఒకసారి నా పేషెంటుకు పొటాషియం 6.8 వచ్చింది. ఆ అంకెకు గుండె ఆగిపోవచ్చు. రిపోర్టు పంపకుండా నాకే ఫోన్ చేసింది: "సార్, సీరం ఎర్రగా ఉంది. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలుంటాయి. మళ్ళీ పంపండి." రెండోసారి 4.3 వచ్చింది. కణాల్లోపల ఉండే పొటాషియం బయటికి కారి అంకెను పెంచేసింది, అంతే. తెలివైన పిల్ల.

ఈ పిల్లే మోసపోయింది. ఎక్కడో దూరాన ఉన్న ఒక విద్యాసంస్థ వాళ్ళ ఏజెంటు ఇక్కడే ఒక సైబర్ కేఫ్ పైన గది తీసుకుని దూరవిద్యలో బీఎస్సీ ఎంఎల్‌టీ అని ఫీజు కట్టించుకున్నాడు. మూడేళ్ళలో ఆమెను ఒక్కసారి కూడా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టలేదు. కువైట్‌లో ఉద్యోగానికి కాగితాలు పెట్టింది. గల్ఫ్ దేశాలు లైసెన్సు ఇచ్చేముందు డిగ్రీ ఇచ్చినచోటికే రాసి నిజమో కాదో తేల్చుకుంటాయి. తేలిందేమిటంటే, ఆ కోర్సుకు అనుమతే లేదు.

ఇలాంటివి చూసే యూజీసీ కొరడా తీసింది. వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటివి దూరవిద్యలో పనికిరావని ఎప్పటినుంచో అంటోంది. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి 2021 చట్టం కిందికి వచ్చే ఆరోగ్య కోర్సులన్నిటికీ దూరవిద్య, ఆన్‌లైన్ తలుపులు మూసేసింది. సైకాలజీ, పోషకాహారం, మైక్రోబయాలజీ కూడా ఆ జాబితాలో పడ్డాయి.

ఇంటర్ పాసైన పిల్లవాణ్ణి పోస్టులో పాఠాలు పంపి టెక్నీషియన్‌ను చెయ్యలేం. సూది పట్టడం, స్లయిడు చదవడం, ఊపిరాడని మనిషిని ఎత్తి కూర్చోబెట్టడం పుస్తకంలో రావు. అక్కడ నిషేధం న్యాయమే. కానీ అయిదేళ్ళు సూది పట్టినవాడికి కావలసింది సూది కాదు, అది ఎందుకు, ఎప్పుడు, ఎప్పుడు వద్దు అన్నది. వాడి ల్యాబ్, వాడి వార్డు, వాడి అంబులెన్సే వాడి కాలేజీ. పుట్టబోయే పారామెడిక్‌నూ పనిలో ఉన్న పారామెడిక్‌నూ ఒకే గాటన కట్టి, ఇద్దరికీ ఒకే గేటు మూయడం నాకు మింగుడుపడదు. ఇగ్నో నర్సుల కోర్సులో పోస్టులో వచ్చే పాఠమూ కాలేజీలో చేసే ప్రాక్టికలూ కలిసే ఉండేవి. అదే అచ్చు తీసుకుని ఈసీజీకీ ల్యాబ్‌కీ పోసుకోవచ్చు. నైట్ డ్యూటీ చేసే మనిషి పగలు కాలేజీకి పోలేడు, పోతే జీతం పోతుంది. ఈ సంగతి కమిటీల్లో కూర్చున్న మావాళ్ళకు తెలియనిదేం కాదు.

ఇప్పుడు ఎవరైనా కోర్సు కరపత్రం పట్టుకుని నా గదికి వస్తే ఫీజెంత అని అడగను. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని వారాలు, సంతకం చేసేదెవరు అని అడుగుతాను. ఆ పేజీ కరపత్రంలో లేకపోతే అక్కడితో సరి.

ల్యాబ్ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి రెగ్యులర్ కాలేజీలో. డిప్లొమా ఉంది కాబట్టి నేరుగా రెండో ఏడులో చేర్చుకున్నారు. పగలు క్లాసులు, రాత్రి ల్యాబ్. జీతం సగానికి పడింది, కొడుకును అత్తగారు చూసుకుంటున్నారు. మొన్న వచ్చినప్పుడు ఫీజు రెండో వాయిదా గురించి మాట్లాడుకున్నాం.