మామ మోటరు, మారుత్ విమానం

ఈసారి పోస్టు పంట గురించి కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి. కొంచెం పొడుగుంటాది, ఓపిగ్గా చదవండి. బోరు కాడ టైమరు డబ్బాలు, మొబైల్ స్టార్టర్లు పెట్టుకున్నోళ్ళకు పనికొస్తాది. మధ్యలో ఒక యుద్ధ విమానం కథ కూడా వస్తాది. దాని పిచ్చి నాకు ఎంతుందో ఈ పేజీ చూసేవాళ్ళకు తెలిసిందే.

మన ఒంటిమిట్ట పక్కల బోర్ల సంగతి మీకు చెప్పే పని లేదు. ఎండాకాలం వస్తే ఆగి ఆగి పోస్తాయి. మా రామయ్య గుడికి అటు పక్క ఉండే మామ బోరు 20 నిమిషాలు పోసి గాలి కొడతాది. అప్పుడు మోటరు ఆపి, 40 నిమిషాలు నీళ్ళు ఊరనిచ్చి, మళ్ళీ వేయాల. పగటి కరెంటు ఉన్న తొమ్మిది గంటలూ మామ స్టార్టరు కాడే కూర్చోవాల. అరవై దాటిన మనిషి. బొప్పాయి తోట రెండున్నర ఎకరా.

నేను కంప్యూటరు ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. పొద్దున తోట, తర్వాత ఇంట్లోనే కూర్చుని బెంగళూరు ఆఫీసు పని. మోటరు నీళ్ళు లాగేటప్పుడు ఆంపియర్లు ఎక్కువ తీసుకుంటాది, నీళ్ళు లేక ఉత్తగా తిరిగితే తగ్గిపోతాయి. ఆ తేడా పట్టుకుని మోటరును తానే ఆపి, 40 నిమిషాల తర్వాత తానే వేసే డబ్బా ఒకటి చేసినా. మా బోరు మీద రెండేళ్ళు పనిచేసింది, ఒక్క రోజు మాట తప్పలేదు. అది చూసి మామ అడిగినాడు. శివరాత్రి నాడు సాయంత్రం 5 గంటలకు ఆయన బోరు కాడ బిగించినా. "కరెంటు పోయింది, వచ్చింది కూడా నా సెల్లుకు తెలియాల అల్లుడా" అంటే, కరెంటు లేనప్పుడు కూడా డబ్బా మేలుకోనుండేట్టు ఒక బ్యాటరీ పెట్టినా. ఈ బ్యాటరీని గుర్తుపెట్టుకోండి.

మన కోదండరాముని కల్యాణం అయిన ఐదారు రోజులకు, ఉదయం తొమ్మిదిన్నర. మామ డబ్బా మీద నమ్మకంతో పని మీద కడపకు పోయినాడు. నేను ఆఫీసు మీటింగులో, సెల్లు సైలెంటులో. మీటింగు అయినాక చూస్తే 70కి పైగా మెసేజిలు. మోటరు ఆన్, మోటరు ఆఫ్, మోటరు ఆన్, మోటరు ఆఫ్. ఇరవై సెకన్లకు ఒకసారి! మోటరు ఎక్కిన ప్రతిసారీ మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతాది. పరిగెత్తి పోయేసరికి వైండింగ్ కాలిన వాసన స్టార్టరు దాకా రాలేదు గానీ, మీటరు పెట్టి చూస్తే విషయం తెలిసిపోయింది. కాపు మీద ఉన్న తోట, నాలుగు రోజులు నీళ్ళు లేవు. మోటరు ఎత్తి, వైండింగ్ చేయించి, దించేసరికి రూ.14,000. డబ్బు నేనే ఇచ్చినా. రాలిపోయిన పిందెలను మాత్రం ఎవరు ఇస్తారు?

నాయన ఒకటే మాట అన్నాడు: "ఆ డబ్బా పీకి కాలవలో పారెయ్. మీ చదువులు బోర్ల కాడికి తేవద్దు." మామ ఏమీ అనలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

మూడు రాత్రులు ఆ ప్రోగ్రాము ముందు కూర్చున్నా. ముందు లో వోల్టేజీ అనుకున్నా, కాదు. రిలే అంటుకుపోయిందేమో అనుకున్నా, కాదు. ఇంట్లో బల్ల మీద పెట్టి నడిపిస్తే బంగారంలా పనిచేస్తాది. చివరికి మెసేజిల టైములు కాగితం మీద వరసగా రాసుకున్నా. 10 గంటల 2 నిమిషాల దాకా పిచ్చి. ఆ తర్వాత డబ్బా మళ్ళీ బుద్ధిగా, 40 నిమిషాలకు ఒకసారి, కాలిపోయిన మోటరును లేపాలని చూస్తా ఉంది. ఎవరూ ముట్టుకోకుండా దానికి బుద్ధి ఎట్లా వచ్చింది? శివరాత్రి సాయంత్రం నుంచి లెక్కపెడితే 49 రోజుల 17 గంటల 2 నిమిషాలు. ఆ అంకె చూడగానే ఒళ్ళు చల్లబడింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు అది పాత శత్రువు.

సంగతి ఇది. పాత మోటారు సైకిలు కిలోమీటరు మీటరు 99,999 దాటితే ఏమైతాది? మళ్ళీ సున్నాలు. డబ్బాలోని చిప్పు కూడా తనకు కరెంటు తగిలినప్పటి నుంచి సెకనులో వెయ్యో వంతు చొప్పున లెక్కపెడతా పోతాది. 429 కోట్ల 49 లక్షల చిల్లర దాటితే దాని మీటరు నిండి సున్నాకు వస్తాది. అదే 49 రోజుల 17 గంటలు. నేను రాసిన లైను ఏందంటే: "ఇప్పటి టైముకు 40 నిమిషాలు కలుపు, ఆ టైము దాటితే మోటరు వెయ్." మీటరు 99,990 దగ్గర ఉన్నప్పుడు 40 కలిపితే 00,030 వస్తాది. ఇప్పుడున్న 99,990 ఆ 30 కంటే పెద్దదే కదా. "టైము దాటిపోయింది" అనుకుని డబ్బా వెంటనే మోటరు వేసింది. నీళ్ళు లేవని ఆపింది. మళ్ళీ వేసింది. సున్నా దాటేదాకా అదే పని.

రాయాల్సింది ఇట్లా: "ఆపినప్పటి నుంచి ఎంత సేపైంది?" అని తీసివేత చేయాల. ఐదంకెల మీటరులో 99,990 నుంచి 00,030కి ఎంత తిరిగిందంటే 40 అని మనం చెప్తాం. చిప్పు కూడా అట్లాగే సరిగ్గా చెప్తాది. కూడికకు బదులు తీసివేత, ఒక్క లైను. దాని ఖరీదు మామ మోటరు.

మరి మా బోరు మీద రెండేళ్ళు ఎందుకు బయటపడలేదు? దానికి బ్యాటరీ లేదు. రోజూ కరెంటు పోతాది, చిప్పు లెక్క మళ్ళీ మొదటికి వస్తాది. కరెంటు కోత నా తప్పును దాచిపెట్టింది. విండోస్ 95, 98లో కూడా ఇదే 49.7 రోజుల తప్పు ఉండేది. 1999 దాకా దానికి మందు రాలేదు, ఎందుకంటే అప్పటి కంప్యూటరు అన్ని రోజులు ఆగకుండా నడవడమే అరుదు.

ఇక విమానం సంగతి. ఆ మూడు రాత్రులూ లాప్‌టాప్ తెర మీద ఉన్న బొమ్మ హెచ్.ఎఫ్.-24 మారుత్‌ది. మన దేశం తయారుచేసిన మొదటి జెట్ యుద్ధ విమానం. బెంగళూరు కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ముందర ఒకటి పెట్టినారు. ఉద్యోగానికి పోయిన కొత్తలో దాన్ని చూసి అట్లే నిలబడిపోయినా.

1956లో కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజినీరును మన ప్రభుత్వం బెంగళూరుకు పిలిపించింది. ధ్వనికి రెండింతల వేగం పోయే విమానం కావాలని కోరిక. ఆయనతో మనవాళ్ళు కలిసి ఒళ్ళు చక్కగా గీసినారు. దానికి తగిన ఇంజిన్ ఆర్ఫియస్ 12 ఇంగ్లండులో తయారవుతా ఉండింది. అక్కడ దానికి డబ్బులు ఆగిపోయినాయి. ఖర్చు మీరు పెట్టుకుంటే పూర్తి చేస్తామన్నారు. మనవాళ్ళు పెట్టలేదు. ఇంజిన్ రద్దయింది. చివరికి ఆర్ఫియస్ 703 అనే చిన్న ఇంజిన్లు రెండు పెట్టుకుని 1961 జూన్ 17న మారుత్ ఎగిరింది. ధ్వని వేగం దగ్గరికి పోవడమే కష్టమైంది. అయినా 147 తయారైనాయి, 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారి మీద పనిచేసినాయి. దాని తర్వాత రావాల్సిన హెచ్.ఎఫ్.-73 కాగితం మీదే ఆగిపోయింది.

మోటరు దించే రోజు గట్టు మీద కూర్చుని ఈ కథ మామకు చెప్పినా. ఎందుకు చెప్పినానో నాకే తెలీదు. ఆయన విని, "మన గుళ్ళో మాదిరే కదరా. రాముడు వచ్చినాడు, హనుమంతుడు ఇంకా రాలేదు" అన్నాడు. మన ఒంటిమిట్ట గర్భగుడిలో సీతారామలక్ష్మణులే ఉంటారు, హనుమంతుడు ఉండడు. అన్నేళ్ళ నుంచి ఆ విమానం గురించి చదువుతున్నా నాకు తట్టని మాట అది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది విమానం ఆగిపోవడం కాదు. 1961లో మారుత్ ఎగిరింది, ఆ తర్వాత మనం గీసిన యుద్ధ విమానం తేజస్ ఎగిరింది 2001 జనవరి 4న. దాదాపు 40 ఏళ్ళు! పని నేర్చిన చేతులు ఒక తరం ఖాళీగా ఉంటే, తర్వాతి తరం అచ్చుల నుంచి మొదలుపెట్టాల. తేజస్ కోసం అనుకున్న కావేరీ ఇంజిన్ కూడా అందుకోలేక 2008లో దాన్నుంచి విడిపోయింది. ఇప్పటికీ తేజస్ అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతాది. నాయన పారేయమన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

కానీ అదే కథలో ఇంకోటి ఉంది, అది నా చెంప మీద కొట్టింది. మారుత్‌కు ఇంజిన్ పెట్టకముందే వాళ్ళు అదే సైజులో కట్టెతో ఒక గ్లైడరు చేసినారు. 1959లో దాన్ని డకోటా విమానానికి కట్టి పైకి లాగి, వదిలి, ఎట్లా ఎగురుతాదో నెలల తరబడి చూసుకున్నారు. తక్కువ ఖర్చులో ముందు తప్పులు పట్టుకోవడం అంటే అదే. మొదటి మారుత్‌ను ఎగరేసిన సురంజన్ దాస్, 1970 జనవరి 10న వేగం పెంచే ఆఫ్టర్‌బర్నరు పెట్టిన మారుత్‌ను పరీక్షిస్తా కూలిపోయి చనిపోయినాడు. బెంగళూరులో ఆయన పేరు మీద రోడ్డు ఉంది. మన పిల్లోళ్ళు ఎంతోమంది రోజూ ఆ దారిలోనే ఆఫీసుకు పోతారు. పరీక్షలో ఉండే ప్రమాదం తెలిసి, ఆ పనికే ఒప్పుకున్న మనిషి ఆయన. మామ దేనికి ఒప్పుకున్నాడు? ఆయనకు తెలియకుండానే ఆయన మోటరును నా పరీక్షకు పెట్టినా. అసలు తప్పు కూడిక, తీసివేత కాదు. అది.

అందుకే డబ్బా పారేయలేదు, మామ బోరుకు తిరిగి బిగించనూ లేదు. మోటరుకు బదులు ఒక బల్బు తగిలించి, చిప్పు లెక్క నిండడానికి ఐదు నిమిషాల ముందు నుంచి మొదలయ్యేట్టు చేసి చూసినా. పాత లైనుతో బల్బు మిణుకుమిణుకుమంది. కొత్త లైనుతో గమ్మున 40 నిమిషాలు ఆగింది. గంట పని! శివరాత్రికి ముందే చేసి ఉండొచ్చు. తర్వాత బ్యాటరీతో సహా మా బోరు మీద పెట్టినా. మొన్న 49 రోజుల 17 గంటలు నిండేటప్పుడు నాయన, నేను ఇద్దరం స్టార్టరు కాడ నిలబడినాం. ఏమీ కాలేదు. నాయన ఏమీ అనకుండా పశువుల కాడికి పోయినాడు.

డబ్బాలు పెట్టుకున్నోళ్ళకు మూడు మాటలు. ఒకటి, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే పనిచేస్తాందో లేదో ముందు చూపించుకోండి. మామ స్టార్టరులో అది ఎప్పుడో పాడైంది, చూడకుండా బిగించడం నా రెండో తప్పు. రెండు, ఆగిన మోటరు వెంటనే ఎక్కకుండా కనీసం ఐదు నిమిషాలు ఆపే విడి టైమరు ఒకటి ప్రోగ్రాముతో సంబంధం లేకుండా పెట్టుకోండి. మూడు, ఎవరైనా సొంతంగా చేసిన డబ్బా ఇస్తే, "నీ బోరు మీద ఎన్ని రోజులు ఆపకుండా నడిపినావు?" అని మొహమాటం లేకుండా అడగండి. నేనిచ్చినా సరే అడగండి. ఏ తప్పు ఎట్లా దొరికిందో అంతా ఒక నోటుబుక్కులో రాసిపెట్టినా. కావాల్సినవాళ్ళు ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

నిన్న మామ కాడికి పోయి, "ఒక చుట్టు తిరిగింది మామా, ఇంక బిగించేదా?" అంటే నవ్వినాడు.

"ఇంకో చుట్టు తిరగనీ అల్లుడా. అందాక నేనే కూర్చుంటా."