కారంపూడి మీదుగా గురజాలకు

పల్నాటి లూథరన్ సంఘ చరిత్ర గురజాలలో మొదలవుతుంది. ఆ ఊరికి వెళ్లే దారుల్లో ఒకటి కారంపూడి మీదుగా పోతుంది. సంఘం వేళ్లూనిన నేల ఎలాంటిదో తెలియాలంటే ఆ దారే మేలు.

కారంపూడి 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధభూమి. ఏటా కార్తీక అమావాస్యకు ఆ యుద్ధ వీరులను కొలిచే వీరాచారవంతులు, వారి ఆయుధాలైన కొణతాలు ఎత్తుకుని వచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. అయిదు రోజుల వీరారాధనలో మందపోరు అనే రోజున చాపకూడు పెడతారు. చాపల మీద అన్నం రాశిగా పోసి, కులం అడగకుండా అందరికీ వడ్డిస్తారు. ఆ యుద్ధ నాయకుడు బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసిన కథ అలా ఏటేటా ఊరికి గుర్తొస్తుంది. కానీ ఆ పంక్తి ఒక్క పూటది. మిగతా ఏడాదంతా మాలపల్లె ఊరికి ఎడంగానే ఉండేది.

ఆ పల్లెల్లోకి వచ్చినవాడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెడ్‌లో పుట్టి, 1807లో అమెరికా వలస వెళ్లాడు. పెన్సిల్వేనియా లూథరన్ సంఘాల తరఫున 1842 జులై 31న గుంటూరు చేరాడు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ అండగా నిలిచాడు. నడుమ అమెరికా వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్య పట్టా పుచ్చుకుని తిరిగొచ్చి, 1849లో గురజాలకు మకాం మార్చాడు. ఎండలకు పేరుమోసిన రెంటచింతలకు దగ్గర్లోని ఆ ఊరి వేడిని యాభై దాటిన వయసులో ఓర్చుకోవడం సామాన్యం కాదు. ఆయన మాట విని ముందుగా కదిలినవాళ్లలో దళితులే ఎక్కువ.

1857లో వెళ్లిపోయిన హయ్యర్, డెబ్బై దాటాక 1869లో మళ్లీ బయలుదేరి, చేతులు మారబోతున్న రాజమండ్రి మిషన్‌ను నిలబెట్టాడు. ఉత్తర జర్మనీ మిషనరీలు మొదలుపెట్టిన ఆ పని, గుంటూరు పని కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయ్యాయి.

ఈ సంఘపు పల్లె చర్చిల్లో వాకిట చెప్పులు విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు పక్కకు తీసిన పిడికెడు కానుకగా చేరుతుంది. మిషన్ కాలంలో చాలాచోట్ల వారమంతా పాఠం చెప్పిన పంతులే ఆదివారం ఉపదేశి. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలకు ఆ పంతులు అక్షరాలు దిద్దించాడు. పల్నాటికి ఈ సంఘం చేసిన అతి పెద్ద మేలు అదే.