అమ్మ పాదాలకు నూనె

నాలుగేళ్ల కిందట నా కుడిభుజం పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి వెళ్లదు. బస్సులో పైకమ్మీ అందదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టరు. షుగరున్న వాళ్లకి ఎక్కువగా వస్తుందట. పూర్తిగా వదలడానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చట. నొప్పికి మాత్రలిచ్చి, గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం చూపించారు.

నాకంత ఓపికేదీ? కాలనీలో యోగా క్లాసులో చేరాను. తాడాసనంలో పక్కావిడ రెండు చేతులూ అవలీలగా ఎత్తేస్తుంటే నాకు పౌరుషం వచ్చింది. పళ్లబిగువున నేనూ లాగాను. ఆ రాత్రి నిద్ర లేదు. వారం తిరక్కుండా చాప చుట్టి అటకెక్కించాను.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. ''మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మా'' అని నిట్టూరిస్తే నవ్వింది. ''మేదరవాళ్లు వెదురుబద్దని నానబెట్టకుండా వంచుతారటే?'' అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే నువ్వులనూనె గిన్నెని వేణ్నీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసేది. మెడ దగ్గర్నుంచి మోచేతి దాకా పావుగంట మెత్తగా పట్టించేది. తర్వాత వేణ్నీళ్ల స్నానం. ఒంట్లో ఆ వేడి ఉండగానే గోడ వ్యాయామం, తాడాసనం. చెయ్యి ఎంత లేస్తే అంతే, పంతాల్లేవు. చివర్లో పది నిమిషాలు శవాసనం.

ఆరో నెలకి నా జడ నేనే వేసుకున్నాను. మాత్రలూ, వ్యాయామమూ, కాలమూ వాటి పని అవి చేశాయి. నేను మధ్యలో మానేయకుండా చూసింది మాత్రం అమ్మ చేతి పావుగంటే. మర్దన బిగుసుకున్న ఒంటిని వదులు చేస్తే, ఆసనం ఆ వదులుని నిలబెడుతుందని అప్పుడు తెలిసింది.

ఆ సంబరంలో గిన్నె నేనందుకుని, ''ఇవాళ నువ్వు కూర్చో'' అన్నాను. ''నాకెందుకే'' అంటూ కాళ్లు ముడుచుకుంది. బలవంతాన పాదాలు ఒళ్లోకి లాక్కున్నాను. మడమలు బీటలు వారి ఉన్నాయి.

''నీకెవరైనా నూనె పట్టారా అమ్మా?''

''నీ పురిట్లో మా అమ్మ పట్టింది. అంతే.''

అప్పటికి నాకు 50 ఏళ్లు!

తల, చెవులు, పాదాలకు నూనె పట్టించడం మరవొద్దని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఏనాడో చెప్పాడు. ఇంటిల్లిపాదికీ తలంట్లు పోసిన అమ్మ పాదాలు మాకెవరికీ గుర్తుకు రాలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి ఆ పని నాది. జ్వరమున్నా, కాలు వాచి ఎర్రబడినా మర్దన జోలికి పోకుండా డాక్టరుకే చూపిస్తాం. అమ్మ కింద కూర్చోలేదు కాబట్టి కుర్చీలోనే భుజాలు తిప్పుతుంది, నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతుంది. మంచం మీదే శవాసనం.

నాన్న పోయినప్పటి నుంచి రాత్రిళ్లు గడియారం గంటలు లెక్కపెట్టుకుంటూ గడిపిన మనిషి, మొదటిరోజు శవాసనం సగంలోనే గురక పెట్టింది. ఆసనం పూర్తి కాలేదని లేపబుద్ధి కాలేదు. దుప్పటి కప్పి, లైటు తీసేశాను.